పెరట్లోకి మారిన కుందేళ్లు ఏం తింటున్నాయి, ఎప్పుడు తింటున్నాయి: ప్రాజెక్టు డైరీ

జున్ను, మిరియం మా ఇంటి ఆడ కుందేళ్లు, ఒకే ఈతలో పుట్టినవి. జున్నుది తెల్లటి ఒళ్లు, ఎర్ర కళ్లు. మిరియం బూడిద రంగు. పిల్లలుగా ఉన్నప్పటి నుంచీ మేడ మీద అద్దె ఇంట్లో, ఫ్యాను కింద, చాప మీద పెరిగాయి. ఇప్పుడు ఒడిశా సరిహద్దు ఊరు పర్లాకిమిడిలో అమ్మ ఉండే పాత ఇంటికి అందరం వచ్చేశాం కాబట్టి వాటికీ ఒక పెరడు దొరికింది. పనస చెట్టు, మామిడి చెట్టు, నుయ్యి, గోడ వారన బోలెడంత గరిక. వీటిని బయటికి మార్చాలని ఇంట్లో అందరికీ ఉంది, భయం కూడా అందరికీ ఉంది. చోటు మారితే కుందేలు ముందు తిండి తగ్గిస్తుంది. మిగతా జంతువులకైతే ఒక పూట మానితే ఏమవుతుందిలే అనుకోవచ్చు, కుందేలుకి అలా కుదరదు, పన్నెండు గంటలు ఏమీ ముట్టకపోతే డాక్టరు దగ్గరికి పరుగెత్తాల్సిందే. అందుకే గూడు కట్టే పని గురించి కొంత, తిండి గురించి ఎక్కువ ఇక్కడ రాసుకుంటూ పోతున్నాను.

దసరా వెళ్లాక

గూడు మొదలుపెట్టకముందే తిండి లెక్క మొదలుపెట్టాను. లోపల ఉన్నప్పుడు ఎంత తింటున్నాయో తెలియకపోతే బయటికి వెళ్లాక తగ్గిందో పెరిగిందో ఎలా చెబుతాం? వంటింటి డిజిటల్ కాటా తీసుకుని పొద్దున వేసిన ఎండుగడ్డి తూచడం, రాత్రి మిగిలింది తూచడం, పెల్లెట్లు (కుందేళ్ల కోసం గుళికలుగా చేసి అమ్మే దాణా) తూచడం, నీళ్ల బాటిల్‌లో ఎన్ని మిల్లీలీటర్లు తగ్గాయో చూడటం. ఆదివారం ఆదివారం రెండింటినీ బుట్టలో కూర్చోబెట్టి బరువు. రెండూ రెండు కిలోల పైచిలుకు ఉన్నాయి, జున్ను కాస్త బరువు.

ఇంకొకటి కూడా రాస్తున్నాను, పెంటికలు. మా అమ్మాయి మొదట మొహం చిట్లించింది గానీ ఇప్పుడు తనే నాకంటే బాగా చెబుతోంది. గుండ్రంగా, ఒకే సైజులో, ఎండుగడ్డి రంగులో, నలిపితే పీచు పీచుగా విడిపోయేవి వస్తే కడుపు బాగున్నట్టు. చిన్నవైపోతే, నల్లబడితే, ఒకదానికొకటి వెంట్రుకతో దండలా తగులుకుని వస్తే లోపల ఏదో తేడా. కుందేలు పేగులు ఎప్పుడూ కదులుతూ ఉండాలి, వాటిని కదిలించేది పీచే. పీచు ఆగితే పేగు నెమ్మదిస్తుంది, లోపల గ్యాస్ చేరుతుంది, నొప్పికి అది ఇంకా తినదు, తినకపోతే పేగు ఇంకా ఆగుతుంది. వాంతి చేసుకునే శక్తి కూడా కుందేలుకి లేదు. గిన్నె చూసేకంటే పెంటిక చూస్తేనే ముందు తెలుస్తుందని నా నమ్మకం, ఈ డైరీ అంతా దాని మీదే నడుస్తుంది.

పళ్ల సంగతి కూడా ఇందులోదే. కుందేలు పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, వారానికి రెండు మూడు మిల్లీమీటర్లు. గడ్డి నమిలి నమిలి అరగదీసుకోవాలి. కాబట్టి వాటి తిండిలో నూటికి ఎనభై పాళ్లు ఎండుగడ్డో పచ్చిగడ్డో ఉండాలి. పెల్లెట్లు మాత్రం కిలో బరువుకి రోజుకి 25 గ్రాములు మించకుండా చూస్తాను, మావి అంతకంటే తక్కువే తింటాయి.

గూడు పని

మేస్త్రి గారు మంచి పనివాడు, కానీ ఆయన కట్టినవన్నీ కోళ్ల గూళ్లే. "బాబూ, కోళ్ల జాలీ వేస్తే సరిపోద్ది కదా" అన్నారు. సరిపోదు. ఆ జాలీ కోళ్లు బయటికి పోకుండా ఆపుతుంది గానీ కుక్క లోపలికి రాకుండా ఆపలేదు, పళ్లతో లాగితే విడిపోతుంది. అర అంగుళం గడి ఉన్న వెల్డెడ్ మెష్ కావాలి, పాము దూరకూడదు. పాతపట్నం వెళ్లి హార్డ్‌వేర్ షాపులో తెచ్చుకున్నాం, మనకి బోర్డరు దాటితే పాతపట్నమే కదా. స్తంభాలకి సరుగుడు కర్రలు. శ్రీకాకుళం తీరం వైపు సరుగుడు తోటలకి లోటు లేదు.

కొలత విషయంలో నేను మొండిగా ఉన్నాను. బ్రిటన్‌లో కుందేళ్ల సంక్షేమం చూసే సంస్థ వాళ్లు రెండు కుందేళ్లకి మూడు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు, మీటరు ఎత్తు ఉండాలంటారు, అదీ అవి రోజంతా తిరగడానికి వీలుగా ఉండేలా. మేము అంతే కట్టాం. లోపల ఒక మూల చెక్క గది, పైకి ఎక్కి కూర్చోవడానికి అరుగు, మిగతాదంతా తిరిగే చోటు. గది నేలకి జాలీ వేయలేదు, చెక్క బద్దలు వేసి పైన గోనె, దాని మీద వరిగడ్డి. జాలీ మీద రోజంతా నిలబడితే మడమల దగ్గర బొచ్చు ఊడి పుండ్లు పడతాయి. వరిగడ్డి మన దగ్గర కావలసినంత దొరుకుతుంది గానీ దాంట్లో సిలికా ఎక్కువ, పోషణ తక్కువ, అందుకే అది పరుపుకే. తినడానికి ఓట్ గడ్డి ఆన్‌లైన్‌లో తెప్పిస్తున్నాం, గరిక కోసి నీడన ఆరబెడుతున్నాం.

తిరిగే చోట మట్టి కింద కూడా మెష్ పరిచాం, అది లేకపోతే మిరియం ఒక్క రాత్రిలో సొరంగం తవ్వి వీధిలో తేలుతుంది. చెక్క గది కాళ్లు నీళ్ల పళ్లేల్లో నిలబెట్టాం, గండుచీమలు ఎక్కకుండా.

పైకప్పు దగ్గర పెద్ద చర్చ జరిగింది. రేకు వేస్తే వానకి ధీమా, ఎండకి పొయ్యి. రేకు వేసి దాని మీద తాటాకు కప్పాం. నాలుగు మూలలా ఇనుప కమ్మీలు భూమిలోకి దింపి గట్టిగా బిగించాం. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా గజపతి జిల్లాలో ఏం జరిగిందో చూసినవాళ్లెవరూ రేకుని మేకులకి వదిలేయరు. తుఫాను హెచ్చరిక వస్తే ఆ రాత్రి రెండూ ఇంట్లోకే, అందుకని పాత బుట్ట గుమ్మం పక్కనే పెట్టాం.

కార్తీకంలో

వానలు వెనకబట్టి, ఎండ మెత్తబడ్డాక మార్చాం. ఈ నెలే మంచిది. వేసవిలో మారిస్తే వేడి దెబ్బ, వానాకాలంలో మారిస్తే తేమ, ఏది ఎందువల్లో తేల్చుకోలేం. ముందు కొన్నాళ్లు సాయంత్రాలు మాత్రం గంటో రెండు గంటలో తిప్పి లోపలికి తెచ్చేశాం. తర్వాత ఒక రోజు రాత్రికి కూడా అక్కడే ఉంచాం. గూట్లో వాటి పాత చాప, అవి పెంటికలు వేసే పాత పెట్టె కడగకుండా, కొంచెం వాడిన గడ్డి వేశాను, వాటి వాసన వాటికి ఉండాలని. గిన్నెలు కూడా పాతవే.

చీకటి పడే వేళకి రెండూ చెక్క గదిలో మూలకి నక్కాయి. గడ్డి గుత్తి అలాగే ఉంది. పెల్లెట్లు జున్ను వాసన చూసి వదిలేసింది, లోపల ఉన్నప్పుడు డబ్బా చప్పుడుకే పరుగెత్తుకొచ్చే జున్ను. అమ్మ తొమ్మిదింటికి లైటు వేసుకుని వచ్చి, "ఏటిరా నాయనా, ఇవి ముట్టనేదు, లోపలికి తెచ్చేయ్" అంది. నాకూ టెన్షన్‌గానే ఉంది. పాత ఫోన్‌ని కెమెరాలా పెట్టి ఉంచాను కాబట్టి గంట గంటకీ చూస్తూ కూర్చున్నాను. పదిన్నర దాటాక మిరియం ముందు బయటికి వచ్చింది, రెండు కాళ్ల మీద లేచి నిలబడి చాలాసేపు విన్నది, ఎక్కడో కుక్క మొరిగితే మళ్లీ లోపలికి పోయింది. తెల్లవారుజామున మాత్రం రెండూ బయటికి వచ్చి వెలుగు వచ్చేదాకా గడ్డి తింటూనే ఉన్నాయి. పొద్దున పెంటికలు తక్కువే, కానీ సైజు బాగుంది.

కుందేలు తెల్లవారుజామున, సాయంత్రం పొద్దుగూకే వేళ చురుగ్గా ఉండే జీవి. ఇంట్లో ఉన్నప్పుడు మనం లైట్లు వేస్తాం, టీవీ పెడతాం, మన అన్నం వేళకి దానికీ ఏదో పెడతాం, అలా మన వేళలకి అలవాటు పడిపోతుంది. బయటికి వచ్చేసరికి దాని సొంత గడియారం తిరిగి మొదలవుతుంది. పొద్దున తొమ్మిది నుంచి మధ్యాహ్నం మూడు దాకా గిన్నె ముట్టకపోవడం చూసి తిండి పోయిందనుకుంటే భయమే మిగులుతుంది. అందుకే ఇరవై నాలుగు గంటల లెక్క కట్టాలి. మొదటి వారం మొత్తం మీద చూస్తే ఎండుగడ్డి ఇంట్లో తిన్నదాంట్లో మూడో వంతు తగ్గింది. బరువు మాత్రం అలాగే ఉంది. ఎలా అంటే, పక్కన గరిక ఉంది!

గరిక సంగతి

ఇది కాస్త వివరంగా రాయాలి, ఎందుకంటే బయటికి మార్చిన వాళ్లందరూ తడబడేది ఇక్కడే. ఎండుగడ్డి తినే కడుపుకి పచ్చిగడ్డి కొత్త. కుందేలు పెద్దపేగు మొదట్లో ఒక సంచి ఉంటుంది, దాంట్లో ఉండే సూక్ష్మజీవులే పీచుని పులియబెడతాయి. ఏ తిండి వస్తే దానికి తగ్గట్టు ఆ జీవులు సర్దుకోవడానికి వారం పది రోజులు పడుతుంది. ఒక్కసారిగా పచ్చిదనం పెంచితే విరేచనాలు. అందుకే తిరిగే చోట గరిక ఉన్న భాగాన్ని అడ్డ మెష్‌తో మూసి, మొదట అరచెయ్యంత, తర్వాత అడుగు, అలా తెరుస్తూ పోయాం. రోజూ ఎంత తెరిచామో కాగితం మీద, పక్కన పెంటికల మాట.

కుందేలు రెండు రకాలుగా విసర్జిస్తుందని కొత్తగా పెంచేవాళ్లకి తెలియకపోవచ్చు. గట్టి పెంటికలు ఒకటి. రెండోది మెత్తగా, జిగురుగా, చిన్న ద్రాక్ష గుత్తిలా ఉంటుంది, దాన్ని నేల మీద పడనివ్వకుండా నేరుగా నోటితో తీసుకుని మింగేస్తుంది. అందులోనే దానికి కావలసిన బి విటమిన్లు, ప్రొటీన్ ఉంటాయి. ఆ మెత్తటిది నేల మీద మిగిలి కనబడుతోందంటే తిండి మరీ బలంగా ఉందని, పెల్లెట్లో తీపో ఎక్కువయ్యాయని అర్థం. ఒక ఆదివారం పక్కింటి ఒడియా మావుసి (పిన్ని) మనవలు ప్రేమగా కాలీఫ్లవర్ ఆకులు, చిలగడదుంప ముక్కలు గూట్లోకి తోశారు. మర్నాడు పొద్దున జున్ను గదిలో మెత్తటివి మిగిలాయి, వెనక బొచ్చుకి కూడా అంటుకున్నాయి. అలా వదిలేస్తే ఈగలు గుడ్లు పెట్టి పురుగు పడుతుంది, బయట ఉండే కుందేళ్లకి అది ప్రాణాంతకం. గోరువెచ్చటి నీళ్లతో తుడిచి ఆరబెట్టి, పెల్లెట్లు ఆపి ఎండుగడ్డి మీదే ఉంచాం. రెండో రోజుకి సర్దుకుంది. మావుసికి విషయం చెప్పాం, ఇప్పుడు ఆమె మనవలు కొత్తిమీర కాడలు మాత్రం తెస్తారు, నన్ను అడిగి మరీ పెడతారు.

పెరట్లో ఏవి ఉండకూడదో ముందే పీకేశాం: గన్నేరు, ఉమ్మెత్త, జిల్లేడు, వయ్యారిభామ, గోడ మీద అల్లుకున్న లాంటానా. వంటింటి వైపు నుంచి ఉల్లిపాయ, వెల్లుల్లి, బంగాళాదుంప ఆకు, టమాటా ఆకు వెళ్లకూడదు. పెట్టదగ్గవి మందార ఆకులు, ముల్లంగి ఆకులు, కొత్తిమీర, మునగాకు. తోటకూర, పాలకూర రోజూ వద్దు, ఆక్సలేట్లు ఎక్కువ. బయట నుంచి గడ్డి కోసి తెస్తే పొలం గట్ల మీదది తేవద్దు, ఇప్పుడు ఎక్కడ చూసినా గడ్డిమందు కొడుతున్నారు. వీధి పక్కది అసలే వద్దు.

పుష్యం చలి

పెద్దగా రాయడానికి లేదు, అంత బాగుంది. మహేంద్రగిరి వైపు నుంచి వచ్చే చలిగాలికి మేము శాలువాలు కప్పుకుంటే వీటికి పండగ. కుందేలుకి సుఖంగా ఉండే వేడి 15 నుంచి 21 డిగ్రీలు, అంటే మనకి చలి వేసే వేళ. బొచ్చు ఒత్తుగా పెరిగింది, ఒళ్లు వెచ్చగా ఉంచుకోవడానికి ఎక్కువ తింటాయి, ఎండుగడ్డి ఇంట్లో ఉన్నప్పటి లెక్కని దాటేసింది, గరిక అదనం. తెల్లారేసరికి మంచు గరిక మీద ఉంటుంది, ఆరాకే ఆ భాగం తెరుస్తున్నాం. రాత్రి ఈదురుగాలి కొట్టే వైపు గోనె పట్టా దింపుతాం, రెండో వైపు తెరిచే ఉంచుతాం, గాలి ఆడకపోతే మూత్రం ఘాటు చేరి తుమ్ములు పట్టుకుంటాయి. సంక్రాంతి వారం తూచితే రెండూ నూట యాభై గ్రాముల దాకా పెరిగాయి. ఇంట్లో ఉన్నప్పటి కొవ్వు కాదిది, పట్టుకుంటే తొడలు గట్టిగా తగులుతున్నాయి, పరుగెత్తి తెచ్చుకున్న బరువు.

భోగి మంటల వేళ, సంక్రాంతి టపాకాయల వేళ మాత్రం లోపలికి తెచ్చాం.

మాఘం, కుక్క వచ్చిన రాత్రి

వీధి కుక్క గోడ దూకి పెరట్లోకి వచ్చింది. మెష్ ఒక్క అంగుళం కూడా కదల్లేదు, కుక్క చుట్టూ తిరిగి, గీకి, మొరిగి, మేము లైటు వేసేసరికి పారిపోయింది. దెబ్బలు ఏమీ తగల్లేదు. కానీ మిరియం గది మూలకి ఒదిగి, కళ్లు పెద్దవి చేసుకుని, చెవులు వీపుకి అదుముకుని, మర్నాడు పొద్దున కూడా అలాగే ఉంది. జున్ను తెల్లారాక మామూలుగా తిన్నది. మిరియం గడ్డి ముట్టలేదు, కొత్తిమీర ముక్కు దగ్గర పెట్టినా మొహం తిప్పేసుకుంది. పెట్టెలో దాని వైపు పెంటికలు నాలుగైదే, చిన్నవి, గట్టివి.

ఇక్కడ ఆగి చూద్దాం అనుకోలేదు. కొత్తిమీర కాదన్న కుందేలుకి నొప్పి ఉన్నట్టే. పశువుల డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్లాం, ఆయన దగ్గరికి రోజూ వచ్చేవి ఆవులు, మేకలు, కుక్కలు. అయినా ఓపిగ్గా కడుపు తడిమి, స్టెతస్కోపు పెట్టి పేగు చప్పుడు విని, కుందేళ్లు చూసే స్నేహితుడికి ఫోన్ చేసి మాట్లాడి మరీ మందు వేశారు. పేగులో అడ్డం ఏమీ పడలేదని చూసుకున్నాకే నొప్పి ఇంజెక్షన్, చర్మం కింద సెలైన్, ఇంటి దగ్గర పెల్లెట్లు నానబెట్టి మెత్తగా చేసి సిరంజితో కొంచెం కొంచెం పెట్టమన్నారు. నేను ఒక మాట గట్టిగా అడిగాను, నోటి ద్వారా అమాక్సిసిలిన్ లాంటివి ఇవ్వరు కదా అని. కుందేలు పేగులోని మంచి సూక్ష్మజీవుల్ని అవి చంపేస్తాయి, ఆ తర్వాత వచ్చే విరేచనాలకి కుందేలు బతకడం కష్టం. ఆయనకి తెలుసు, ఇవ్వనన్నారు. కుందేళ్లు పెంచేవాళ్లు మాత్రం ఈ మాట గుర్తుంచుకోవాలి, మందుల షాపులో అడిగి తెచ్చి వేయకండి.

సాయంత్రానికి ఒక పెంటిక పడింది. మా అమ్మాయి దాన్ని చూసి "నాన్నా, వచ్చింది!" అని కేక పెడితే ఇంటిల్లిపాదీ పెరట్లోకి వచ్చాం. రాత్రి తనంతట తాను గరిక కొరికింది. పూర్తిగా పాత లెక్కకి రావడానికి వారం పట్టింది.

ఆ తర్వాత చేసిన మార్పు గోడ మీద. రెండు వరసల ఇటుకలు లేపి మేకుల బద్ద కొట్టాం, గూటికి కుక్క వచ్చే వైపు కింద అడుగున్నర ఎత్తు రేకు అడ్డం పెట్టాం, లోపల ఉన్నవాటికి కుక్క కనబడకుండా. మెష్ గట్టిగా ఉంటే చాలనుకుంటాం, కుందేలుకి అది తెలియదు. తోడేలు వాసనకి, కుక్క మొహానికి గుండె ఆగిపోయే జాతి అది, అవతలి వైపు ఉన్నది లోపలికి రాలేదని దానికి ఎవరు చెబుతారు? దానికి కనబడని చోటు, దాక్కునే చోటు ఉంటేనే తింటుంది. చెక్క గదికి రెండో గుమ్మం కూడా పెట్టించాం, ఒక వైపు నుంచి ఏదొచ్చినా రెండో వైపు నుంచి పోయేలా.

ఫాల్గుణం

బొచ్చు రాలుతోంది. రోజూ దువ్వుతున్నాం, లేదంటే నాక్కుంటూ మింగేస్తాయి. పెంటికలు దండల్లా వస్తున్నాయి, ఎండుగడ్డి, నీళ్లు పెంచాం.

జున్ను ఒక వారం తిండి తగ్గించి, నోటి నిండా వరిగడ్డి మోసుకుంటూ మూలన గూడు కట్టి, డొక్కలోని బొచ్చు పీకి పరిచింది. మగది లేదు కదా, ఇదేమిటని అమ్మ కంగారు పడింది. ఆడ కుందేళ్లకి దొంగ కడుపు (గర్భం లేకుండానే ఉన్నట్టు ఒళ్లు అనుకోవడం) వస్తుంది, రెండు మూడు వారాల్లో అదే సర్దుకుంటుంది. గూడు కదపలేదు, పెంటికలు చూస్తూ వదిలేశాం. తగ్గినా తింటోంది, పెంటికలు బాగున్నాయి, కాబట్టి నిద్ర పట్టింది.

చైత్రం, వైశాఖం

ఈ ప్రాజెక్టులో నన్ను ఎక్కువ భయపెట్టిన కాలం ఇది. కుందేలుకి మనలా చెమట పట్టదు. వేడి బయటికి పోయే దారి చెవులు, ఆ తర్వాత ఊపిరి. 28 దాటితే ఇబ్బంది మొదలు, 35 దాటితే వడదెబ్బ. మా ఊళ్లో ఏప్రిల్ చివరికి ఫోన్ 38, 39 చూపిస్తోంది, పైగా ఉక్క. గూట్లో థర్మామీటర్ వేలాడదీశాను. తాటాకు ఉన్న చోటికీ, ఒక చివర తాటాకు జారి ఉట్టి రేకు మిగిలిన చోటికీ నాలుగు డిగ్రీల తేడా. అదే రోజు తాటాకు సర్దించాం.

ఎండలో తిండి తగ్గడానికి కారణం ఉంది. తిన్నది అరిగేటప్పుడు ఒంట్లో వేడి పుడుతుంది, పీచు పులిసేటప్పుడు ఇంకా. బయట వేడిగా ఉంటే ఆ లోపలి వేడిని వదిలించుకోలేదు కాబట్టి కుందేలు తినడమే తగ్గిస్తుంది. నీళ్లు మాత్రం రెట్టింపు తాగుతుంది. మామూలుగా కిలో బరువుకి రోజుకి 50 నుంచి 150 మిల్లీలీటర్లు అంటారు, మావి ఇప్పుడు ఆ పై అంచు దాటుతున్నాయి. బాటిల్ తీసేసి బరువైన మట్టి గిన్నెలు పెట్టాం, గిన్నెలోంచి అయితే హాయిగా, ఎక్కువగా తాగుతున్నాయి. రెండు గిన్నెలు, ఒకటి తన్నేసినా రెండోది ఉంటుంది.

తిండి వేళలు మొత్తం మార్చేశాం. తెల్లవారకముందు పచ్చిగడ్డి, ఆకులు కడిగి తడితోనే. పగలు ఎండుగడ్డి మాత్రం ఉంటుంది, ముట్టినా ముట్టకపోయినా. పొద్దుగూకాక పెద్ద గడ్డి గుత్తి, పెల్లెట్లు సగానికి తగ్గించి. పగటి తిండి దాదాపు పోయింది, రాత్రి తిండి పెరిగింది, మొత్తం మీద చలికాలం లెక్కతో పోలిస్తే పావు వంతు తగ్గింది. బరువు కాస్త దిగింది, సంక్రాంతి బరువులోంచి ఎనభై గ్రాముల దాకా. వారంలో వంద గ్రాములు పోతే డాక్టరుకి ఫోన్ చేయాలని మాకు మేం పెట్టుకున్న గీత, అది దాటలేదు.

పదకొండు నుంచి నాలుగు దాకా పని ఇది: ఎండ వచ్చే వైపు గోనె పట్టాలు తడిపి వేలాడదీయడం, రెండో వైపు గాలికి తెరిచి ఉంచడం. రెండు వైపులా తడి గోనె కడితే లోపల ఉక్క పెరిగి అదే చంపుతుంది. ఫ్రీజర్లో గడ్డకట్టిన నీళ్ల సీసాలకి గుడ్డ చుట్టి గదిలో పెడితే జున్ను దానికి వీపు ఆనించి పడుకుంటుంది, మిరియం దగ్గరికి కూడా పోదు, అది పనస చెట్టు మొదట్లో తవ్వుకున్న గుంటలో, చల్లటి మట్టి మీద పొట్ట పరిచి పడుకుంటుంది. కరెంటు పోయే రోజుల్లో సీసాలు గడ్డకట్టవు, అప్పుడు నూతి నీళ్లలో నానబెట్టిన మట్టి పెంకులు.

చెవులు వేడెక్కి ఎర్రబడి, నోరు తెరిచి ఆయాసపడుతూ, చొంగ కారుస్తూ, పక్కకి ఒరిగి ఉంటే వడదెబ్బే. నీడకి తెచ్చి చెవులు చల్లటి నీళ్లతో తడపాలి, ఐసు నీళ్లు వద్దు, మొత్తం ముంచేయవద్దు, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. మాకు అంతదాకా రాలేదు. ఒక మధ్యాహ్నం 40 చూపిస్తే మాత్రం ఇంక ఆలోచించలేదు, రెండింటినీ హాల్లోకి తెచ్చేశాం, ఎండలు తగ్గేదాకా పగలు హాలు, రాత్రి గూడు. అలా తిప్పడం వల్ల తిండి తగ్గుతుందేమో అనుకున్నాను గానీ బుట్ట, చాప పాతవే కావడంతో ఏ తేడా రాలేదు.

జ్యేష్ఠం చివర

మొదటి వానలు పడ్డాయి. మట్టి చల్లబడిన రోజు రాత్రే గడ్డి గుత్తి ఖాళీ, పొద్దున ఇంకా వేయమన్నట్టు గిన్నె పళ్లతో లాగి తిప్పేసింది మిరియం. పది రోజుల్లో బరువు తిరిగి వచ్చేసింది.

ఇప్పుడు కొత్త పని. తడి నేల అంటే కాక్సిడియా, పేగుల్లో చేరే సూక్ష్మ పరాన్నజీవి, తడిలో, పెంటల్లో పెరుగుతుంది, ముందుగా కనబడేది తిండి తగ్గడం, పొట్ట ఉబ్బడం, విరేచనాలు. పెంటికలు రోజూ రెండు పూటలా ఊడుస్తున్నాం, వరిగడ్డి పరుపు తడిస్తే ఆ పూటే మార్చేస్తున్నాం. తిరిగే చోట సగం మీద ఇటుకలు పేర్చి చెక్క బద్దలు వేశాం, కాళ్లు ఆరేలా. వాన తడిసిన లేత గరిక వేగంగా పెరుగుతోంది, రుచి ఎక్కువ, పీచు తక్కువ, కాబట్టి కార్తీకంలో చేసినట్టే మళ్లీ అడ్డ మెష్ పెట్టి కొంచెం కొంచెంగా తెరుస్తున్నాం. ఎండుగడ్డి అటక మీదికి ఎక్కించాం, గోనెలో కాదు, గాలాడే వెదురు బుట్టల్లో. బూజు వాసన వస్తే ఆ బుట్ట మొత్తం ఎరువు గుంటకి. అమ్మ రోజూ పొద్దున బుట్టలో చెయ్యి పెట్టి ఒక పిడికెడు తీసి వాసన చూసి, "పర్వానేదు, వెయ్యి" అన్నాకే గూట్లోకి వెళ్తోంది.